ఎంపీ నిధుల పనులు ఎవరి సిఫారసుతో, ఎవరి ప్రయోజనానికి? తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల నుంచి లోక్‌సభకు, రాజ్యసభకు ఎన్నికైన గౌరవ సభ్యులకు,

నమస్కారం.

నేను పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ శాఖలో పనిచేసి రిటైరైన వాడిని. ఎంపీ ల్యాడ్స్ (ఎంపీల సిఫారసుతో వాళ్ల ప్రాంతంలో పనులకు కేంద్రం ఇచ్చే నిధుల పథకం) పనులకు అంచనాలు వేయడం, కొలతలు తీసి ఎం బుక్‌లో (కొలతల పుస్తకంలో) రాయడం, పని పూర్తయ్యాక వినియోగ ధ్రువపత్రాలు పంపడం నా విధుల్లో భాగంగా ఉండేవి. రిటైరయ్యాక, మా మండలంలో ఈ నిధులతో కట్టినవి ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాయో, వాటిని ఎవరు కోరితే సిఫారసు చేశారో చెప్పాలని జిల్లా యంత్రాంగాన్ని మొదట అర్జీల ద్వారా, తర్వాత సమాచార హక్కు చట్టం కింద అడిగాను. వచ్చిన జవాబులో పని పేరు, మంజూరైన మొత్తం, ఖర్చయిన మొత్తం ఉన్నాయి. ఎవరు అడిగారన్న ప్రశ్నకు సమాచారం రికార్డుల్లో లేదని, ఇప్పుడు పనిచేస్తోందా అన్న ప్రశ్నకు గ్రామ పంచాయతీని సంప్రదించాలని రాశారు. పంచాయతీకి వెళితే ఆ ఆస్తిని తమకు అప్పగించినట్టు కాగితమే లేదన్నారు. మా ఎంపీ గారి కార్యాలయానికి రాసిన ఉత్తరాలకు సమాధానం రాలేదు. కాబట్టి ఆ ప్రశ్నలనే మీ అందరి ముందు బహిరంగంగా పెడుతున్నాను.

ఈ పథకాన్ని 1993 డిసెంబరు 23న ప్రకటించింది మన తెలుగువారైన ప్రధాని పి.వి. నరసింహారావు గారు. మొదటి ఏడాది ఒక్కో సభ్యుడికి 5 లక్షల రూపాయలు కేటాయించారు. అది 1994-95లో కోటి, 1998-99లో 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు అయింది. మన రెండు రాష్ట్రాలకు లోక్‌సభలో 42 మంది, రాజ్యసభలో 18 మంది, మొత్తం 60 మంది సభ్యులున్నారు. అంటే పూర్తిగా విడుదలైతే ఏటా 300 కోట్లు, ఒక లోక్‌సభ కాలంలో 1,500 కోట్లు. కేంద్ర బడ్జెట్ పక్కన పెట్టి చూస్తే ఇది చిన్న మొత్తమే. కానీ మామూలు పద్దుల్లో ఏళ్ల తరబడి ఎదురుచూసినా రాని పనిని ఒక్క సిఫారసు లేఖతో మొదలుపెట్టించగల డబ్బు ఇది. అందుకే దీని కోసం అంత పోటీ ఉంది.

మార్గదర్శకాల ప్రకారం మీరు సిఫారసు చేస్తారు, జిల్లా అధికారులు మంజూరు చేస్తారు, ఇంజనీరింగ్ శాఖలు పని చేయిస్తాయి. 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు వెళ్లాలి. ప్రజలందరికీ ఉమ్మడిగా ఉపయోగపడే, మన్నిక ఉన్న ఆస్తులనే నిర్మించాలి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన కొత్త మార్గదర్శకాలు, ఈ పనుల వివరాలు నమోదయ్యే ఈ-సాక్షి పోర్టల్ వల్ల సిఫారసు నుంచి చెల్లింపు దాకా కాగితం నడక వేగంగా, కనబడేలా మారింది. ఇది మంచి మార్పు, సందేహం లేదు. అయితే పోర్టల్ పట్టుకునేది మధ్యలో జరిగేదాన్ని మాత్రమే. మీ సిఫారసుకు ముందు ఏం జరిగింది, బిల్లు చెల్లించాక ఏం జరుగుతోంది అన్న రెండు సంగతులూ ఇంకా చీకట్లోనే ఉన్నాయి.

ముందు జరిగేది పైరవీ. క్యాంపు ఆఫీసుల దగ్గర మీ లెటర్‌హెడ్ కోసం వేచి ఉండేవాళ్లలో మంచినీళ్లు లేని ఊరి ఆడవాళ్లు అరుదుగా కనిపిస్తారు. కనిపించేది ద్వితీయ శ్రేణి నాయకులు, తమ సంఘానికి భవనం కావాలనే పెద్దలు, తరచుగా కాంట్రాక్టర్లు. పని ఎక్కడ కావాలో ఊరు అనుకోక ముందే దాని అంచనా కాంట్రాక్టరు చేతి సంచిలో తయారుగా ఉండడం నా ఉద్యోగ కాలంలో నేను చూశాను. మా మండలంలో ఒకే వీధిలో వేసిన సిమెంటు రోడ్డుకు మూడు శిలాఫలకాలున్నాయి. మూడింటి మీదా చెక్కిన అంచనా విలువ 5 లక్షలకు కాస్త తక్కువ. టెండరు పిలవకుండా నామినేషన్ మీద పని ఇవ్వడానికి వీలుగా ఒక రోడ్డును మూడు పనులుగా కోశారని ఆ ఫలకాలను చదివిన ఏ ఇంజనీరైనా చెప్పగలడు. మూడు ముక్కలూ కలిసే చోట పగుళ్లిచ్చి, వర్షం పడినప్పుడల్లా అక్కడే నీళ్లు నిలుస్తున్నాయి.

ఈ పద్ధతి వల్ల మామూలు జనం మీద పడుతున్న భారం ఏమిటో నాకు తెలిసినంతలో చెబుతాను.

1. అందరికన్నా ఎక్కువ నష్టపోతున్నది తాగునీటికి ఇబ్బంది పడే ఊళ్లు. మాది ఫ్లోరైడ్ ఉన్న మెట్ట ప్రాంతం. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన నీళ్లు తాగి పళ్లు గారపట్టిన పిల్లలు, నడుము వంగిపోయిన పెద్దలు ఉన్న ఒక ఊళ్లో ఎంపీ నిధులతో ఆర్వో ప్లాంటు పెట్టారు. ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అంచనాలో గది, బోరు, మోటారు, ట్యాంకు, యంత్రం అన్నీ ఉన్నాయి. మెంబ్రేన్లు (నీటిని వడగట్టే పొరలు) రెండు మూడేళ్లకోసారి మార్చాలి, వాటికి డబ్బు ఎవరు పెట్టాలి, కరెంటు బిల్లు ఎవరి పేరున రావాలి, ప్లాంటు నడిపే మనిషికి జీతం ఎక్కడి నుంచి ఇవ్వాలి అన్నవి ఎక్కడా లేవు. ఈ మధ్య వెళ్లి చూస్తే తలుపుకు తుప్పు పట్టిన తాళం ఉంది. కిటికీలోంచి చూస్తే మెంబ్రేన్ గొట్టాల అతుకుల దగ్గర తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది, మీటరు పెట్టెలో ఫ్యూజు లేదు. ఆ గది పక్కనే ఆగే ఆటో దగ్గర ఊరివాళ్లు క్యాను నీళ్లు కొంటున్నారు. కొనలేనివాళ్లు చేతిపంపు నీళ్లే తాగుతున్నారు. జిల్లా లెక్కల్లో మాత్రం ఇది "పూర్తయిన పని". అది పూర్తయిందని నమ్మబట్టే ఆ ఊరికి మరో పథకం కింద నీళ్లు అడిగినప్పుడు "మీకు ప్లాంటు ఉంది కదా" అన్న జవాబు వచ్చింది. అంటే ఈ ఖర్చు ఆ ఊరికి ఉపయోగపడకపోవడమే కాదు, రావాల్సిన మరో సాయానికి అడ్డం కూడా పడింది.

2. పైరవీకి అయ్యే ఖర్చు గాలిలోంచి రాదు. సిఫారసు లేఖ తెచ్చుకోవడానికి తిరిగిన తిరుగుళ్లు, మధ్యవర్తులకు ఇచ్చినవి, మర్యాదలకు పెట్టినవి అన్నీ కాంట్రాక్టరు పనిలోంచే తీసుకోవాలి. అంచనాలో 15 సెంటీమీటర్ల మందం ఉన్న రోడ్డు అంచుల దగ్గర మందంగా, మధ్యలో పలుచగా పడేది ఇందుకే. సిమెంటు గట్టిపడడానికి కట్టలు కట్టి నీళ్లు నిలపాల్సిన రోజుల్లో సగం రోజులకే రోడ్డు మీద ట్రాక్టర్లు తిరిగేదీ ఇందుకే. ఇరవయ్యేళ్లు ఉండాల్సిన రోడ్డు అయిదారేళ్లకే కంకర తేలితే, మళ్లీ పైరవీ, మళ్లీ మరో ఫలకం. మధ్యలో ఆ రోడ్డు మీద పడి కాళ్లు చేతులు విరగ్గొట్టుకునేవాళ్లు పాలు పోయడానికి తెల్లవారుజామునే బయలుదేరే వాళ్లు, సైకిళ్ల మీద బడికెళ్లే పిల్లలు.

3. పలుకుబడి ఉన్నవాళ్లెవరూ తెలియని ఊరికి ఏమీ రాదు. ఎస్సీ, ఎస్టీ ప్రాంతాలకు కేటాయించిన వాటా కూడా లెక్కలో సరిపోతుంది గాని, ఆ లెక్కలో కాలనీ పేరుతో మంజూరై కాలనీ మొదటి ఇంటి దగ్గరే ఆగిపోయిన రోడ్లు ఉంటాయి. రాజకీయంగా ఖాయమైన చోట్ల పరిస్థితి ఇంకా నిరాశగా ఉంటుంది. ప్రపంచ బ్యాంకు పరిశోధకులు ఫిలిప్ కీఫర్, స్తుతి ఖేమానీ ఈ నిధి వాడకాన్ని పరిశీలించి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పార్టీకి కంచుకోటలైన నియోజకవర్గాల్లో సభ్యులు ఈ డబ్బును తక్కువగా ఖర్చు చేస్తున్నారని తేల్చారు. ఎలాగూ ఓటు వేస్తారన్న ధీమా ఉన్న చోట ఓటరుకు దక్కేది తక్కువన్న మాట.

4. హైమాస్ట్ లైట్లు, ఓపెన్ జిమ్‌లు, బస్ షెల్టర్లు వచ్చిన పంచాయతీలకు వాటి కరెంటు బిల్లు, మరమ్మతు ఖర్చు కూడా వస్తాయి. ఇంటిపన్ను మీద బతికే చిన్న పంచాయతీ ఆ బిల్లు కట్టలేక లైట్లు ఆర్పేస్తుంది.

మంచి పనులు లేవని నేను అనడం లేదు. మా పక్క మండలంలో జిల్లా పరిషత్ హైస్కూలుకు ఇవే నిధులతో కట్టిన ప్రహరీ, ఆడపిల్లల మరుగుదొడ్లు ఇన్నేళ్ల తర్వాతా శుభ్రంగా వాడకంలో ఉన్నాయి. కారణం వెతికితే అక్కడ పని అడిగింది హెడ్మాస్టరు, తల్లిదండ్రుల కమిటీ. నీళ్ల ట్యాంకు నింపే బాధ్యత, శుభ్రం చేసే మనిషికి ఇచ్చే జీతం ఎవరిదో పని మొదలుపెట్టక ముందే కమిటీ తీర్మానం రాసుకుంది. వాడుకోబోయేవాళ్లే అడిగారు, నిర్వహణ ఎవరిదో ముందే తేల్చుకున్నారు. కోట్లు ఖర్చుపెట్టిన మిగతా చోట్ల లోపించినవి ఈ రెండే.

ఇలాంటి కేటాయింపుల కోసం చేసే ప్రయత్నం ఎవరికి లాభిస్తుందో అమెరికా అనుభవం స్పష్టంగా చూపిస్తుంది. అక్కడ కాంగ్రెస్ (వాళ్ల పార్లమెంటు) సభ్యులు తమ ప్రాంతపు పనులకు బడ్జెట్‌లోనే పేరు పెట్టి డబ్బు రాయించుకుంటారు. వాటిని ఇయర్‌మార్క్‌లు అంటారు. వాటి కోసం లాబీయింగ్ (ఫీజు తీసుకుని పైరవీ) చేసేవాళ్లు చట్టప్రకారం నమోదు కావాలి, ఎంత ఫీజు తీసుకున్నారో మూడు నెలలకోసారి వెల్లడించాలి. పెట్టిన డబ్బు, వచ్చిన డబ్బు రెండూ తెలిసే వీలుంది కాబట్టి డి ఫిగైరెడో, సిల్వర్‌మన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు విశ్వవిద్యాలయాల లాబీయింగ్ లెక్క తీసి 2006లో ప్రచురించారు. తమ ప్రాంత ప్రతినిధి సెనేట్ (ఎగువ సభ) కేటాయింపుల కమిటీలో ఉన్న విశ్వవిద్యాలయాలకు లాబీయింగ్ మీద పెట్టిన ప్రతి డాలరుకు సగటున 11 నుంచి 17 డాలర్లు, ప్రతినిధుల సభ కమిటీలో ఉన్నవాటికి 20 నుంచి 36 డాలర్లు వచ్చాయి. ఏ కమిటీలోనూ మనిషి లేనివాటికి వచ్చింది దాదాపు సున్నా. అందరూ ఒకే పని కోసం ఖర్చు పెట్టినా, లోపల తమవాడు ఉన్నవాళ్లకే అది గిట్టుబాటయింది. ఈ అంకెలు చదివినప్పుడు నాకు మా మండల ఊళ్లే గుర్తొచ్చాయి.

అయితే అడిగినవాడికి గిట్టుబాటు కావడం వేరు, ప్రజలకు గిట్టుబాటు కావడం వేరు. అలాస్కాలో కెచికన్ అనే చిన్న పట్టణం నుంచి సుమారు 50 మంది నివసించే గ్రావినా దీవికి వంతెన కట్టడానికి 2005లో 22 కోట్ల డాలర్లకు పైగా రాయించుకున్నారు. ఆ దీవిలో విమానాశ్రయం ఉందన్నది వాళ్ల వాదన. దేశమంతా అభ్యంతరం చెప్పింది, 2007లో ఆ రాష్ట్రమే వంతెన ఆలోచనను వదులుకుంది. తమ సెనేటరు శక్తిమంతమైన కమిటీకి అధ్యక్షుడైతే ఆ రాష్ట్రానికి ఇయర్‌మార్క్‌లు 40 నుంచి 50 శాతం పెరుగుతాయని, అదే సమయంలో అక్కడి ప్రైవేటు కంపెనీలు తమ పెట్టుబడిని సుమారు 15 శాతం తగ్గించుకుంటాయని హార్వర్డ్ పరిశోధకులు 2011లో ప్రచురించారు. ఎక్కువ నిధులు తెచ్చిన నాయకుడి ప్రాంతం ఎక్కువ బాగుపడుతుందన్న మన నమ్మకానికి ఇది గట్టి ప్రశ్న.

విమర్శలు, అవినీతి కేసుల తర్వాత 2011లో అమెరికా కాంగ్రెస్ ఇయర్‌మార్క్‌లను ఆపేసింది. 2021లో మళ్లీ తెచ్చినప్పుడు షరతులు పెట్టుకుంది. ప్రతి సభ్యుడు తాను అడిగిన ప్రతి పనినీ ఇంటర్నెట్‌లో పెట్టాలి. అందులో తనకు, తన కుటుంబానికి ఆర్థిక ప్రయోజనం లేదని రాసి ఇవ్వాలి. లాభం కోసం నడిచే కంపెనీలకు ఆ డబ్బు ఇవ్వకూడదు. ఆ పద్ధతిలోనూ లోపాలున్నాయి, కమిటీల్లో ఉన్నవాళ్లకే ఎక్కువ వాటా పోతోందన్న విమర్శ ఇప్పటికీ ఉంది. కానీ ఎవరు దేనికోసం అడిగారో అక్కడి పౌరుడు చూడగలడు. మా జిల్లాలో నేను చూడలేకపోయాను.

మన దేశంలోనూ ఈ హెచ్చరికలు కొత్తవి కావు. 2002లో జస్టిస్ వెంకటాచలయ్య అధ్యక్షతన ఏర్పడిన రాజ్యాంగ సమీక్ష కమిషన్ ఈ పథకాన్ని ఆపేయాలని చెప్పింది. 2005 డిసెంబరులో ఒక టీవీ చానల్ రహస్య కెమెరా ముందు కొందరు సభ్యులు పనుల సిఫారసుకు కమిషన్ మాట్లాడుతూ దొరికారు. 2007లో రెండో పరిపాలనా సంస్కరణల సంఘం, డాక్టర్ జయప్రకాశ్ నారాయణ్ గారు సభ్యుడిగా ఉన్న కాలంలోనే, దీన్ని రద్దు చేయాలని సిఫారసు చేసింది. 2004-09 కాలాన్ని పరిశీలించిన కాగ్ (ప్రభుత్వ ఖర్చులను ఆడిట్ చేసే సంస్థ), అనేక జిల్లాల్లో ఆస్తుల రిజిస్టర్లే లేవని నమోదు చేసింది. 2010 మేలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పథకం చెల్లుతుందని తీర్పు చెప్పింది కాబట్టి చట్టబద్ధత గురించి నేను వాదించడం లేదు. కోర్టు చెల్లుతుందన్న పథకానికి లెక్క చెప్పే బాధ్యత ఇంకా పెరుగుతుందన్నదే నా మాట. 2018లో కేంద్ర సమాచార కమిషనరుగా ఉన్న మాడభూషి శ్రీధర్ ఆచార్యులు గారు ఈ నిధులకు స్పష్టమైన చట్టపరమైన ఏర్పాటు ఉండాలని ఉభయ సభల అధిపతులకు సూచించారు. 2021 నవంబరులో పథకాన్ని 2025-26 దాకా కొనసాగించాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, అలాంటి చట్టం తేవడానికి మంచి అవకాశం వచ్చింది. ఎవరూ పట్టించుకోలేదు.

"మేం సిఫారసు మాత్రమే చేస్తాం, మంజూరు జిల్లా అధికారులది" అని మీలో కొందరు అంటారని నాకు తెలుసు. ఆ మాట నియమావళి ప్రకారం నిజం. కానీ శిలాఫలకం మీద మీ పేరే ఉంటుంది, ఎన్నికల కరపత్రంలో ఆ పనులు మీ ఖాతాలోనే పడతాయి. ఫలితం మీది అన్నప్పుడు లెక్క కూడా మీదే కావాలి.

కాబట్టి మిమ్మల్ని కోరేది ఇది. మీ దగ్గరకు వచ్చే ప్రతి అర్జీని, ఎవరు ఇచ్చారు, ఏ ఊరికి, ఎంతకు, ఎందుకు ఒప్పుకున్నారు లేదా ఎందుకు కాదన్నారు అన్న వివరాలతో తెలుగులో ప్రచురించండి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. రేపే మొదలుపెట్టవచ్చు. పని చేయబోయే కాంట్రాక్టరుతో, లబ్ధి పొందే సంఘంతో మీకు, మీ కుటుంబానికి సంబంధం లేదన్న ప్రకటనను సిఫారసు లేఖతోపాటే జతచేయండి. గ్రామసభ తీర్మానం లేని పనిని సిఫారసు చేయకండి. ఆ తీర్మానంలో కరెంటు బిల్లు, మరమ్మతు, నిర్వహించే మనిషి జీతం ఎవరి బాధ్యతో రాసి ఉండాలని పట్టుబట్టండి. ఒకే పనిని ముక్కలుగా కోసి పంపిన అంచనాలను వెనక్కి పంపండి.

అన్నింటికన్నా ముఖ్యంగా, ప్రతి పనినీ పూర్తయిన రెండేళ్లకు మళ్లీ చూడాలి. అది వాడకంలో ఉందా, ఎంతమందికి ఉపయోగపడుతోంది, పాడైతే ఎందుకు పాడైంది అన్న నివేదిక ఫొటోతో సహా పంచాయతీ నోటీసు బోర్డు మీద ఉండాలి. ఏటా కనీసం పది శాతం పనులను జిల్లా అధికారులు తనిఖీ చేయాలని మార్గదర్శకాలు చెబుతూనే వచ్చాయి. ఆ తనిఖీ నివేదికలు ఒక్కటి కూడా నా కంటపడలేదు. ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ ఎలా చేయాలో దేశానికి చూపింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) చదివి వినిపించిన మన గ్రామసభలు ఎంపీ నిధుల పనులను కూడా చదివి వినిపించగలవు. అందుకు శిక్షణ పొందిన మనుషులు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

ఈ లేఖ ప్రతిని మా ఎంపీ గారికి, జిల్లా కలెక్టరు గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మా మండలంలో ఈ నిధులతో జరిగిన పనుల పేర్లు, ఫలకాల ఫొటోలు, ఇప్పుడున్న స్థితి రాసిన జాబితా దానికి జతచేశాను. ఆర్వో ప్లాంటు విషయంలో మాత్రం తక్షణం ఒక నిర్ణయం కావాలి. మెంబ్రేన్లు మార్చి, కరెంటు కనెక్షను పునరుద్ధరించి, నిర్వహణను పంచాయతీకి రాతపూర్వకంగా అప్పగిస్తే వేసవి రాకముందే ఆ ఊరికి మంచినీళ్లు అందుతాయి. తనిఖీకి ఏ అధికారిని పంపినా వెంట ఉండి ప్రతి పనీ చూపించడానికి నేనూ మా ఊరివాళ్లూ సిద్ధంగా ఉన్నాం.

భవదీయుడు,
ఒక విశ్రాంత పంచాయతీరాజ్ ఇంజనీరు